కళ్లు నులుముకునే అబ్బాయికి కెరటోకోనస్.. ఎంసెట్ అయ్యేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. చిన్నప్పటి నుంచి కళ్ల దురద, ఎప్పుడూ నులుముకుంటూనే ఉంటాడు. ఏడాదిలో మూడుసార్లు అద్దాలు మార్చాం. కుడికంటి సిలిండర్ పవర్ 1.5 నుంచి 3.5కి వెళ్లింది. స్కాన్ చేసి కెరటోకోనస్ అన్నారు. కార్నియా పల్చటి చోట 462 మైక్రాన్లు ఉందట. సీ3ఆర్ చేయించమంటున్నారు. మేలో ఎంసెట్ అయ్యాక చేయించొచ్చా? చేయిస్తే అద్దాలు పోతాయా? లేదంటే పెద్దయ్యాక లాసిక్ చేయించుకోవచ్చా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న సంగతి తేల్చేద్దాం. లాసిక్ వద్దు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ వద్దు. సైటు పోగొట్టే ఆ లేసర్ కార్నియాను కొంత చెక్కి పల్చన చేస్తుంది. మీవాడి జబ్బే కార్నియాలో బలం తగ్గడం.

నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పొర కార్నియా. మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ (మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు). అందులో కొల్లాజెన్ పోగులు వరసలు వరసలుగా ఉంటాయి. నులక మంచం అల్లిక గుర్తు తెచ్చుకోండి. అల్లిక సడలితే, పడుకునే మనిషి బరువు పెరగకపోయినా మంచం కుంగుతుంది కదా! ఇక్కడా అంతే. కంటిలోపలి ఒత్తిడి మామూలుగానే ఉంటుంది. కానీ సడలిన చోట కార్నియా ఆ మామూలు ఒత్తిడికే ఆగలేక ముందుకు పొడుచుకొస్తుంది. గుండ్రంగా ఉండాల్సింది మొన తేలుతుంది. అదే కెరటోకోనస్. పొడుచుకొచ్చిన కొద్దీ పల్చబడుతుంది, పల్చబడిన కొద్దీ ఇంకా పొడుచుకొస్తుంది. అద్దాలు ఎన్నిసార్లు మార్చినా చూపు కుదరనిది అందుకే. రాత్రిపూట బండి లైట్లకు తోకలు ఉన్నట్టు కనిపిస్తున్నాయేమో వాణ్ని అడగండి.

ఇక నులుముకోవడం. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ నా చూపు అక్కడే ఆగింది. ఇలాంటి పిల్లలు చాలామంది వేలి కొసతో కాదు, వేలి కణుపులతో పిండి పిసికినట్టు నులుముతారు. అసలే సడలిన అల్లిక మీద రోజూ అంత బరువు! సీ3ఆర్ చేయించినా ఈ అలవాటు మానకపోతే జబ్బు మళ్లీ ముదరొచ్చు. కాబట్టి దురదకు అలర్జీ చుక్కలు రాయించుకోండి. దురద పుట్టినప్పుడు చల్లటి తడిగుడ్డ మూసిన రెప్పల మీద ఊరికే ఆనించి ఉంచితే చాలు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం తెచ్చుకోకండి. దురద ఒక్క రోజులో తగ్గుతుంది, నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా రావచ్చు.

సీ3ఆర్ అంటే సడలిన పోగుల మధ్య కొత్త ముడులు వేయడం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపుదిద్దుకున్న చికిత్స ఇది, రోగుల మీద తొలి ఫలితాలు 2003లో వచ్చాయి. మత్తు చుక్కలు వేసి కార్నియా పైపొరను తీస్తారు. తర్వాత ఓ అరగంట పచ్చటి చుక్కలు వేస్తూ ఉంటారు. అది రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే మూత్రం పచ్చగా వచ్చేది దీనివల్లే. ఆపైన అతినీలలోహిత కాంతి పెడతారు. పాత పద్ధతిలో అదీ అరగంట, ఇప్పుడు చాలాచోట్ల పది నిమిషాలే. ఆ కాంతికి పోగుల మధ్య బంధాలు ఏర్పడి కార్నియా బిగుస్తుంది.

ఆగొచ్చా అన్నదానికి మీ రిపోర్టే జవాబు చెబుతోంది. కాంతి వల్ల లోపలి కణాలు దెబ్బతినకూడదంటే, పైపొర తీశాక కనీసం 400 మైక్రాన్లు మిగలాలన్నది మామూలు లెక్క. పైపొర సుమారు 50 ఉంటుంది. 462లోంచి అది తీసేస్తే మిగిలేది 412. అంటే మీవాడు గీతకు పన్నెండు మైక్రాన్ల దూరంలో ఉన్నాడు. గీత దాటినా వేరే పద్ధతులు లేకపోలేదు, కానీ అంతదాకా తెచ్చుకోవడం దేనికి? వయసుతో పాటు ఈ ముడులు వాటంతటవే పడుతూ ఉంటాయి, అందుకే చాలామందిలో నలభై నాటికి జబ్బు నెమ్మదిస్తుంది. పదిహేడేళ్లకు ఆ వెసులుబాటు లేదు, ఈ వయసులోనే అది వేగంగా ముదురుతుంది. మే దాకా ఆగకండి. ముందు కుడికన్నే చేయించండి. రెండు మూడు రోజులు నొప్పి, నీరు కారడం ఉంటాయి. పైపొర మానేదాకా కంటికి కట్టులా ఓ మెత్తటి లెన్స్ ఉంచుతారు. వారం పది రోజుల్లో పుస్తకం పట్టుకోగలడు. ఆ కంట్లో కొన్ని వారాలు కాస్త మసక ఉంటే కంగారు పడకండి.

అద్దాలు మాత్రం పోవు. సీ3ఆర్ పని జబ్బును ఉన్నచోట ఆపడమే. కార్నియా నిలకడగా ఉందని స్కాన్‌లో తేలాక, అద్దాలతో చూపు చాలకపోతే గట్టి రకం కాంటాక్ట్ లెన్స్‌లు గానీ, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లెరల్ లెన్స్‌లు గానీ పెడతారు. అద్దాలతో రాని స్పష్టత వాటితో చాలామందికి వస్తుంది.

ఈ రిపోర్టులు పారేయకండి. కార్నియా పల్చగా, మెత్తగా ఉంటే కంటి ఒత్తిడి కొలిచే యంత్రం ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రేపు ఏ వయసులో గ్లకోమా పరీక్షకు వెళ్లినా ఈ సంగతి అక్కడి డాక్టరుకు తెలియాలి. ఎప్పుడైనా ఉన్నట్టుండి నొప్పితో నల్లగుడ్డు తెల్లబడి చూపు మసకబారితే ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకూ ఒకసారి స్కాన్ చేయించండి. ఇది కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది.