ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పాత పెట్రోలు పవర్ స్ప్రేయర్‌ని మళ్లీ నడిపించవచ్చా?

మీ తాతగారు జీడితోటకి వాడిన పవర్ స్ప్రేయర్ పదేళ్లుగా మూలన ఉందనీ, తాడు లాగితే తిరుగుతోంది కానీ అంటుకోవటం లేదనీ, బాగుచేయించాలా, పాత ఇనుముకి వేసేయాలా అనీ అడిగారు. తిరుగుతోందంటే పిస్టన్ పట్టేయలేదని అర్థం. అమ్మకండి, తప్పకుండా బాగవుతుంది. కానీ దయచేసి ఈ రోజు నుంచి తాడు లాగటం ఆపండి. అది అంటుకోకపోవటమే మీ అదృష్టం. మాది అంటుకుంది, అందుకే పాడైంది.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నాన్న 1987లో కొన్న 35 సీసీ టూ స్ట్రోక్ మిషన్, వీపుకి తగిలించుకునే రకం. జీడి పూత మీద టీ దోమ (పూత రసం పీల్చే పురుగు) పడితే చేతి స్ప్రేయరు పెద్ద చెట్ల చివరి కొమ్మలకి అందదు. ఈ మిషన్ మందుని గాలితో పొగమంచులా చేసి పైకి కొడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మా తోట నేలకి ఒరిగిపోయాక దానితో పని లేకపోయింది. ట్యాంకులో పెట్రోలు ఉండగానే పశువుల శాల అటక మీదికి చేరింది. కొత్తగా వేసిన అంటు మొక్కలు పూతకొచ్చాక, 2023 జనవరిలో, కిందికి దించాను.

ప్లగ్ మార్చి, కొత్త పెట్రోలు పోసి తాడు లాగాను. పదిహేను సార్లు లాగాక అంటుకుంది. ఆ శబ్దం విని నాన్న అరుగు మీంచి లేచి వచ్చేశారు. కాసేపటికి ఇంజన్ స్పీడు దానంతట అదే పెరిగింది. థ్రాటిల్ పూర్తిగా తగ్గించినా దిగలేదు. ఊపిరి వచ్చి బాగా నడుస్తోంది అనుకున్నాను. ఐదు నిమిషాలకి కీచుమని ఆగిపోయింది, ఆ తర్వాత తాడు కదల్లేదు.

మొదట చూపించిన కొట్టులో విప్పకుండానే పని అయిపోయిందన్నారు. కాశీబుగ్గలో ఒకప్పుడు లూనాలు, రాజ్‌దూత్‌లు బాగుచేసిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, మాగ్నెట్ (క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే అయస్కాంతాల చక్రం) వైపు వేలు పెట్టి చూసి "ఏటి బాబూ, సీళ్లు సూడకుండా తాడు లాగీసినావేటి?" అన్నారు. నేను ఈ రోజు మీకు చెప్పేదంతా ఆయన దగ్గర రెండు వారాలు కూర్చుని నేర్చుకున్నదే.

టూ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ కింద ఉన్న క్రాంక్ గది కూడా పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు పెట్రోలు, గాలి ఆ గదిలోకి వస్తాయి. కిందికి దిగినప్పుడు ఆ ఒత్తిడికే సిలిండర్ పైభాగానికి వెళ్తాయి. కాబట్టి ఆ గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. క్రాంక్ షాఫ్ట్‌కి రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లే దానికి కాపలా. ఏళ్ల తరబడి ఊరికే ఉంటే వాటి రబ్బరు గట్టిపడి, సీలు లోపలి అంచు షాఫ్ట్‌ని పట్టుకోదు. అక్కడి నుంచి గాలి చొరబడితే మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది. ఇంజన్ స్పీడు పెరుగుతుంది, విపరీతంగా వేడెక్కుతుంది. ఈ ఇంజన్లకి నూనె వచ్చేది కూడా పెట్రోలుతోనే కదా, అది కూడా తగ్గి పిస్టన్ గోడని పట్టేస్తుంది. మీ మిషన్ ఎప్పుడైనా అంటుకుని, థ్రాటిల్ తగ్గించినా స్పీడు దిగకపోతే ఒక్క క్షణం ఆగకుండా ఆపేయండి.

సీళ్లు దొరకవని భయపడక్కర్లేదు. సీలు మీద మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అవి మిల్లీమీటర్లలో ఉంటాయి. మిషన్ కంపెనీ మూతబడినా, ఆ కొలత సీలు బేరింగులు అమ్మే కొట్టులో దొరుకుతుంది. పాత సీలు పట్టుకెళ్లి వైటాన్ రబ్బరుది ఉందేమో అడగండి. ధర ఎక్కువే కానీ ఇప్పటి పెట్రోలుకి అదే మంచిది.

సీళ్లు మార్చాలంటే మాగ్నెట్ ఊడదీయాలి. సుత్తితో కొట్టకండి, పుల్లర్ (బిగించి లాగే పనిముట్టు) వాడండి. కొడితే షాఫ్ట్ వంగుతుంది, అయస్కాంతాలు పగులుతాయి. నట్టు విప్పేటప్పుడు పిస్టన్ తిరగకుండా ఆపటానికి ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నూలు తాడు సిలిండర్లోకి దూర్చి, పిస్టన్ దాన్ని నొక్కేలా చేశారు. అయితే పిస్టన్ ముందే పొగ వెళ్లే రంధ్రాన్ని దాటి పైకి వచ్చి ఉండాలి. లేదంటే తాడు ఆ రంధ్రంలో ఇరుక్కుంటుంది.

మాగ్నెట్ కిందే పాయింట్లు, అంటే తెరుచుకుని మూసుకుంటూ స్పార్క్ పుట్టించే స్విచ్ లాంటివి, ఉంటాయి. మీకు స్పార్క్ రాకపోతే చాలావరకు కారణం అక్కడే, వాటి మొహాల మీద పట్టిన చిలుమే. సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, తర్వాత పెట్రోల్లో తడిపిన తెల్ల కాగితాన్ని మధ్యలో లాగండి. మాన్యువల్ లేకపోతే పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 మి.మీ. సందు పెట్టి చూడండి, ప్లగ్‌కి 0.6 మి.మీ. స్పార్క్ నీడలో చూడాలి, ఎండలో కనబడదు. చుట్టూ పెట్రోలు ఉంచుకోకండి.

కార్బురేటర్లో ఎండిపోయిన పెట్రోలు జిగురులా పట్టి ఉంటుంది. జెట్‌లో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో) ఇనుప తీగ గుచ్చవద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి ఊదితే చాలు. ఫ్లోట్ (లోపల పెట్రోలు మీద తేలే డొల్ల) ఇత్తడిదైతే వేడి నీళ్లలో ముంచండి, చిల్లు ఉంటే బుడగలు వస్తాయి. పెట్రోలు గొట్టం, ప్యాకింగులు ఆలోచించకుండా మార్చేయండి. సైలెన్సర్ దగ్గర పేరుకున్న మసిని వెదురు పుల్లతో గీకండి.

నాది పట్టేసింది కాబట్టి పిస్టన్, రింగులు కూడా మార్చాల్సి వచ్చింది. సిలిండర్ మీద అంటిన అల్యూమినియం నెమ్మదిగా రుద్దితే పోయింది. పిస్టన్ విజయనగరంలో దొరికింది. అన్నీ కలిపి 3,400 రూపాయలు అయ్యాయి, అందులో సగం నా తొందరపాటు ఖర్చు. మీకు అది ఉండదు.

ఇక పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. మీ బంకు పెట్రోల్లో ఎంత ఉందో మీరే చూడవచ్చు. గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టంలో 20 దాకా నీళ్లు, పైన 100 దాకా పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి వదిలేయండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. 20 శాతం ఉంటే కింది పొర 36 దగ్గరికి పెరుగుతుంది. నీళ్లు కలిపి చూసిన ఆ పెట్రోలుని ఇంజన్లో పోయవద్దు. పని అయిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో మిగిలింది కూడా అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడపండి. నూనె లీటరు పెట్రోలుకి 40 మి.లీ. 2టీ (టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె), పాత మిషన్లకి ఇదే. పిస్టన్ కొత్తదైతే మొదటి రెండు లీటర్లకి 50 వేయండి.

చివరగా మందు ట్యాంకు. దీన్ని నేను అన్నిటికన్నా ముందే చెప్పాల్సింది. మీ తాతగారి రోజుల్లో జీడికి ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు విరివిగా కొట్టేవారు. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా ఆపించింది. ట్యాంకులో, గొట్టాల్లో ఎండిపోయిన మరకల్లో ఏ మందు ఉందో ఎవరికీ తెలియదు. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు లేకుండా దాన్ని తాకవద్దు. పిల్లలని దగ్గరికి రానివ్వవద్దు. కడిగిన నీళ్లు బావి, చెరువు దగ్గర పారబోయకండి. నేను ట్యాంకు కడిగి దాచుకోవాలని చూడలేదు. ప్లాస్టిక్ మందుని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు, గొట్టం కొత్తవి వేయించాను, మీరూ అలాగే చేయండి. కొత్త మూత రబ్బరు బాగా బిగుసుకోవాలి. ఫ్యాన్ గాలి ట్యాంకులోకి వచ్చి మందుని కిందికి తోస్తుంది, మూత దగ్గర లీకైతే ఇంజన్ ఎంత బాగా తిరిగినా మందు సరిగా రాదు.

మీరు ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో నాలుగు చుక్కలు 2టీ నూనె వేసి, ఫ్యాన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. ఎక్కడైనా గీసుకున్నట్టు తగిలితే విప్పించండి. మాగ్నెట్ వైపు సీలు మీది అంకెలు కనబడితే కింద రాయండి, నా దగ్గర కొన్ని కొలతలవి మిగిలి ఉన్నాయి, సరిపోతే పంపిస్తాను.