శనివారం నాలుగింటికి అడవిలో: ఒక్కడివే వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది రాజాం. చదువుకి డాలస్ వచ్చాను. సెలవొస్తే గది దాటడం లేదు. జియోహాషింగ్ అనే ఆట గురించి విన్నాను, లెక్క కడితే మ్యాపు మీద ఎక్కడో పడే బిందువుకి వెళ్లిరావడమట. అడవిలో పడిన బిందువుకి ఎలా వెళ్లాలి? ఒక్కణ్నే వెళ్లొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఒక్కడివే వద్దు. గదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తే ఒంటరితనం తీరదు, కాల్ పెట్టేశాక ఇంకా పెరుగుతుంది. ఈ ఆటకి శనివారం సాయంత్రం నాలుగు గంటలకి కలుసుకోవడమనే ఆనవాయితీ ఉంది. నీకు కావలసింది అదే.

ఇది 2008లో కార్టూనిస్టు ర్యాండల్ మన్రో పెట్టిన ఆట. తేదీ, దాని పక్కన అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ ఆరంభ విలువ, అంటే 2005-05-26-10458.68 లాంటి వరసని ఎండీ5 అనే కంప్యూటర్ సూత్రంలో వేస్తారు. వచ్చిన 32 అక్షరాలని సగానికి విరిచి రెండు దశాంశాలు చేస్తారు. ఒకటి అక్షాంశానికి, రెండోది రేఖాంశానికి తగిలిస్తారు. లెక్కకి కాలిక్యులేటర్లున్నాయి, నువ్వు చూసుకోవలసింది మైనస్ గుర్తు. డాలస్ గడి, అంటే ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం ఉన్న చదరం, 32, -96. మైనస్ మరిచావా, బిందువు టిబెట్ పీఠభూమి మీద పడుతుంది.

శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు కాబట్టి శుక్రవారం విలువే వాడతారు. శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నర దాటగానే నీకు రెండు రోజుల బిందువులూ తెలుస్తాయి. ఆ రాత్రే ఉపగ్రహ చిత్రం మీద చూడు: దగ్గరి రోడ్డు ఎక్కడ, మధ్యలో వాగుందా, ఆ నేల ఎవరిది? కొత్తవాళ్లు దెబ్బతినేది ఈ చివరి ప్రశ్న దగ్గరే. మన ఊళ్లో ఎవరి తోటలోంచైనా నడిచిపోతాం, అడిగేవాళ్లుండరు. టెక్సస్‌లో చాలావరకు ప్రైవేటు భూమి. చెట్టు మీద నిలువుగా ఊదారంగు గీత కనిపిస్తే లోపలికి రావద్దని అర్థం, బోర్డు లేకపోయినా సరే. యజమానిని అడుగు, ఒప్పుకోకపోతే తిరిగిరా. చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లోనూ అవే దశాంశాలు కాబట్టి ప్రభుత్వ అడవిలో పడిన బిందువు దొరకొచ్చు. నవంబరు, డిసెంబరుల్లో జింకల వేట సాగుతుంది, మెరిసే నారింజ రంగు చొక్కా లేకుండా చెట్లలోకి దిగకు. మిగతా నిబంధనలు ప్రభుత్వ సైట్లలో చూసుకో.

బాట లేని పొదల్లో గంటకి రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. రోడ్డుకి కిలోమీటరు దూరంలో ఉంటే రానూపోనూ గంటకి పైమాటే. డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దుగూకుతుంది, కాబట్టి నాలుగింటికి బయల్దేరడం కాదు, అక్కడ ఉండాలి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చెయ్యి, కారు దిగగానే ఆ చోటు గుర్తు పెట్టుకో. చెట్ల కింద జీపీఎస్ పది ఇరవై మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. దూరం సున్నా చూపాలని పరిగెత్తకు, రెండు నిమిషాలు నిలబడు, నీ చోటు చుట్టూ ఫోన్ చూపే తేడా వలయంలోకి బిందువు వస్తే చేరినట్టే. ఎండాకాలమైతే మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ప్యాంటు సాక్సుల్లో దోపు. ఇంటికొచ్చాక ఒళ్లంతా వెతుక్కో. రక్తం పీల్చే పిడుదులు అంటుకుంటే పట్టకారుతో నిటారుగా లాగు, నలపకు.

తోడు దొరకడం లేదనకు. క్లాసులో తెలుగువాళ్లనే కాదు, ఎవరినైనా అడుగు. అంకె చెప్పిన చోటికి పోదామంటే నవ్వుతూనే వస్తారు. ఎవరూ రాకపోతే ఆ శనివారం అడవి వద్దు, బిందువు ఊళ్లోని పార్కులో పడే రోజు దాకా ఆగు.

ఇంకొకటి, శని, ఆదివారాల్లో ఆ దశాంశాలు ప్రపంచమంతటా ఒకటే. మిగతా రోజుల్లో 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి తూర్పున ఉన్నవాళ్లు ముందురోజు విలువ వాడతారు కనక మనతో కలవదు. శ్రీకాకుళం, విజయనగరం రెండూ 18, 83 గడిలోనే ఉన్నాయి. అక్కడి టైము ప్రకారం శుక్రవారం రాత్రి ఏడు, చలికాలంలో ఎనిమిది దాటితే ఆ ఊళ్లలోని నీ స్నేహితులకి నీ అంకెలే వస్తాయి. వాళ్లనీ బయల్దేరమను. ఆగ్నేయ మూల పడితే సముద్రం. సీతంపేట, పాలకొండ కొండల వైపు పడితే ఒడిశా నుంచి ఏనుగులు దిగే చోటు, ముందు అటవీ సిబ్బందిని అడగకుండా అడుగు పెట్టొద్దని చెప్పు.