పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది నకిరేకల్. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి గానీ, ప్రాథమిక పాఠశాల పిల్లలు చదివే కథల పుస్తకాలకు బొమ్మలు వేసే పనే నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఎప్‌సెట్ అయ్యేదాకా ధ్యాస మళ్లకూడదని తన బొమ్మల నోటుపుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. యానిమేషన్‌కు మంచి గిరాకీ ఉందని తెలిసినవాళ్లంతా చెబుతున్నారు. అందులో చేర్పించాలా, బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) చేయించాలా? బొమ్మలతో అన్నం దొరుకుతుందా?

జవాబు: మిర్యాలగూడ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, వనపర్తి నుంచి ఇటువంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తూనే ఉంటాయి. అందరూ కోర్సుల గురించే మొదలుపెడతారు, చివరికి అన్నం దగ్గరికే వస్తారు. కాబట్టి దానితోనే మొదలుపెడతాను. బొమ్మలతో బతుకు గడుస్తుంది. అయితే మొదటి నాలుగైదేళ్లు కేవలం తెలుగు పిల్లల పుస్తకాల మీదే ఇల్లు గడవాలంటే కష్టం. ఈ వృత్తిలో ఉన్నవారిలో చాలామంది పాఠ్యపుస్తకాల బొమ్మలు, ముఖచిత్రాలు, పత్రికల పని, ప్రకటనల డిజైన్ కూడా చేస్తూ, కథల పుస్తకాలకు చోటు మిగుల్చుకుంటారు. ఇది తెలిసి దిగినవారు నిలబడతారు.

ఇక బీరువా సంగతి. ఈ మాట కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. మీరు తాళం వేసింది కాలక్షేపానికి కాదు, ఆమె రేపు ఏ కళాశాల తలుపు తట్టినా చూపించవలసిన పనికి. పదిహేడేళ్ల అమ్మాయి తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పగలగడమే అరుదు. ఏమీ తోచక బీటెక్‌లో చేరి, మూడో ఏడాదిలో చదువు మీద విరక్తి పుట్టిన పిల్లల తల్లిదండ్రులు కూడా నా దగ్గరికి వస్తారు. వారి ముందు మీ ఇబ్బంది చాలా చిన్నది. ఈ రోజే ఆ పుస్తకాలు ఆమె చేతికి ఇవ్వండి.

యానిమేషన్ విషయంలో నాకున్న అనుమానాలను దాచుకోను. ఆ రంగం చెడ్డదని నేను అనడం లేదు, అందులో గొప్ప కళాకారులు ఉన్నారు. కానీ లక్షల రుసుము తీసుకుని చేర్చుకునే చాలా ప్రైవేటు డిప్లొమాలు ప్రధానంగా సాఫ్ట్‌వేర్ వాడకాన్ని నేర్పుతాయి, గీత నేర్పడానికి వాటికి సమయం ఉండదు. చదువు ముగిశాక దొరికే తొలి ఉద్యోగం తరచుగా రోటో పని, అంటే ఎవరో తీసిన సినిమాలో మనిషి అంచులను ఒక్కొక్క ఫ్రేములో కత్తిరిస్తూ షిఫ్టులు గడపడం. పైగా ఆ పనిలో పెద్ద భాగం విదేశీ సినిమాల మీద ఆధారపడి ఉంటుంది. 2023లో హాలీవుడ్‌లో రచయితలు, నటులు సమ్మె చేసినప్పుడు ఇక్కడి స్టూడియోలకు కూడా పని తగ్గింది. 2025 ఫిబ్రవరిలో, సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసే టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబై కార్యాలయాల్లోని ఉద్యోగులు ఉన్నపళంగా వీధిన పడ్డారు. ‘గిరాకీ ఉంది’ అని మీకు చెప్పినవారు ఈ సంగతి కూడా చెప్పారా? అన్నిటికీ మించి, మీ అమ్మాయి అడిగింది యానిమేషన్ కాదు. బొమ్మే కదా అని దగ్గరగా కనిపించిన కోర్సులో చేర్పిస్తే, డబ్బు మీది పోతుంది, ఉత్సాహం ఆమెది పోతుంది.

ఆమె కోరుకున్న పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గర నుంచి చూడండి. అచ్చుయంత్రం కాగితాన్ని మడిచే తీరును బట్టి పిల్లల బొమ్మల పుస్తకాలు సాధారణంగా 16, 24 లేదా 32 పేజీల్లో వస్తాయి. కథను ఆ లెక్కకు సరిపడా విడగొట్టి, ముందుగా పెన్సిలుతో చిన్న డమ్మీ పుస్తకం, అంటే నమూనా, తయారుచేసుకోవాలి. ఎదురెదురు పేజీల మీదుగా సాగే బొమ్మలో ముఖం గానీ చెయ్యి గానీ మధ్య కుట్టులో పడిపోకూడదు, అక్షరాలకు ఖాళీ చోటు వదలాలి. ‘అమ్మ రాజును పిలిచింది’ అని ఒక పేజీలో ఉన్నదనుకోండి. అమ్మ పిలుస్తున్నట్టు గీస్తే వాక్యమే మళ్లీ చెప్పినట్టవుతుంది. చెరువు గట్టున బర్రె వెనక నక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న రాజును గీస్తే, ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒకటో తరగతి పిల్లవాడికి మాటల్లో లేని కథ దొరుకుతుంది. అదే రాజు ఇరవై పేజీల్లోనూ, వెనక నుంచి చూసినా, ఏడ్చినా, పరుగెత్తినా అదే పిల్లవాడిలా కనిపించాలి. ఈ చివరిదే అందరికీ కష్టం. కనుక మీ అమ్మాయిని ఒకే పాత్రను పదిరకాలుగా గీయమనండి, ఆమె సంసిద్ధత అందులో తెలిసిపోతుంది. ఆ వెనక దృశ్యంలో మంచుకొండలకు బదులు మన గుట్టలు, తాటిచెట్లు, సాగర్ కాలువ ఉంటే నాకు మరింత సంతోషం.

చదువు విషయానికి వస్తే, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది, అందులో అప్లైడ్ ఆర్ట్, అంటే పుస్తకాలు, ప్రకటనల వంటి వాటికి బొమ్మలు, డిజైన్ చేసే శాఖ, ఈమెకు తగినది. యానిమేషన్ శాఖ కూడా అక్కడే ఉంది కాబట్టి, తరువాత మనసు అటు మళ్లినా గీత పునాది వృథా కాదు. ఖర్చు భరించగలిగితే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), ఐఐటీ హైదరాబాద్‌ల డిజైన్ డిగ్రీ బీడిజైన్‌కు కూడా రాయించవచ్చు. పరీక్షల తేదీలు, పద్ధతి వారి ప్రకటనల్లో చూసుకోండి.

ఇప్పటి నుంచే ఆమె చదవవలసినవి, గమనించవలసినవి ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక, ఢిల్లీలోని నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు తెస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా, చదివే స్థాయిని బట్టి దొరుకుతాయి. 2022లో మన రాష్ట్రంలో తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల చదవడం మీద బడుల్లో ధ్యాస పెరిగింది. చదివించడానికి పుస్తకాలు కావాలి, ఆ పుస్తకాలకు బొమ్మలు కావాలి. మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, ఆమె తన డమ్మీని పిల్లల చేత చదివించుకుంటే, ఏ పేజీ దగ్గర వాళ్లు ఆగారో, ఏ పేజీని చూడకుండానే తిప్పేశారో ఆమెకే తెలుస్తుంది. ఏ అధ్యాపకుడూ అంత త్వరగా నేర్పలేడు.

మీరు నిజంగా జాగ్రత్త పడవలసిన చోటు ఒప్పందం. కొత్తవారి దగ్గర కొందరు నోటిమాట మీదనే బొమ్మలు తీసుకుంటారు, తరువాత ముద్రణలకు పైసా ఇవ్వరు. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లకే చెల్లుతుంది. ఒకేసారి మొత్తం ఇస్తారా, రాయల్టీ (అమ్మకాలను బట్టి వాటా) ఇస్తారా, ఎన్నిసార్లు మార్పులు చేయమంటారు, అసలు బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి అనేవన్నీ పని మొదలయ్యే ముందే కాగితం మీదికి రావాలి. లోకజ్ఞానం మీకు ఎక్కువ కాబట్టి తొలి ఒప్పందాలను మీరు కూడా చదవండి. ముఖచిత్రం మీద రచయిత పేరు పక్కన ఆమె పేరు కూడా అచ్చువేయాలన్న షరతును అందులో తప్పకుండా రాయించండి.