24 కిలోల పొట్టేలు కొంటే మాంసం ఎంత వస్తుంది?

ఎముకతో కలిపి సుమారు 11 నుంచి 12 కిలోలు, అంటే బతికున్న బరువులో 45–50 శాతం. తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం ఈ లెక్కలోకి రావు, అవి వేరు.

మిగతా సగం ఎటు పోతుందంటే, తోలు దాదాపు పదో వంతు, రక్తం 4 శాతం దాకా. అన్నిటికన్నా పెద్ద మోసం పొట్టలో ఉంటుంది. గొర్రె మేత నెమరేసే జీవం కాబట్టి పొట్టలో తడి మేత, నీళ్ళే రెండు మూడు కిలోలు ఉంటాయి. తూకానికి ముందు కడుపునిండా నీళ్ళు తాగించారంటే మీరు నీళ్ళకి డబ్బు కడుతున్నట్టే. రాత్రంతా మేత ఆపి, పొద్దున్నే తూయించుకోండి (నీళ్ళు మాత్రం పూర్తిగా ఆపకూడదు).

విశాఖలో పండక్కి నాలుగిళ్ళవాళ్ళు కలిసి 24 కిలోల పొట్టేలుని కిలో 400 చొప్పున కొన్నారనుకుందాం. మొత్తం 9,600. మాంసం పదకొండున్నర కిలోలు దిగితే కిలో దాదాపు 835 పడింది. కోత కూలి అదనం. కొట్టు ధరతో పోల్చాల్సింది ఈ 835నే, 400ని కాదు.

పొట్ట ఉబ్బుగా ఉంటే మాంసం ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది మేత కావచ్చు, నులిపురుగులూ కావచ్చు. చూడాల్సింది నడుము: పక్కటెముకలు అయిపోయిన చోట వెన్ను మీద వేళ్ళు పెట్టి నొక్కండి. ఎముక మొనలు గుచ్చుకుంటే బక్కది, కండ కింద గుండ్రంగా తగిలితే మంచిది. పాలపళ్ళు ఇంకా ఊడకపోతే లేతది, త్వరగా ఉడుకుతుంది.