జడ బిగువే అసలు తంటా

తమ్ముడూ, రెండేళ్లుగా పెంచిన జుట్టుని సన్నజడలు అల్లుకుంటుంటే కణతల దగ్గర పలచబడుతోందని, బరంపురం ఉప్పుగాలే కారణమా అని అడిగావు. గాలి కాదు, బిగువు. అల్లాక నుదురు లాగుతుంటే కుదుళ్లు దెబ్బతింటున్నట్టే. ఏళ్లతరబడి అలాగే లాగితే ఊడినచోట మళ్లీ మొలవకపోవచ్చు. కొన్ని నెలలు సన్నజడలు మానేసి, మెడ దగ్గర మూడు పాయల జడ ఒక్కటే వదులుగా వేసుకో. రబ్బరు బ్యాండు వద్దు, గుడ్డది పెట్టు. తడి జుట్టు అస్సలు అల్లకు, మన ఉక్కకి లోపల ఆరక వాసనొస్తుంది (పర్లాకిమిడిలో ఉన్నప్పుడు నాకూ ఇదే గోల, పైన హెల్మెట్ ఒకటి!). జుట్టు పెరిగేది నెలకి సుమారు 1 సెంటీమీటరే, వెంటనే ఒత్తుగా రాలేదని టెన్షన్ పడకు. ఎక్కడైనా నున్నగా అయితే మాత్రం చర్మం డాక్టరుకి చూపించు. అమ్మ "ఆడపిల్లలా ఏంట్రా" అంటోందా? తాతల కాలంలో మగవాళ్ల పిలకలు గుర్తుచెయ్యి.