వీడియో చూడకుండా వస్తే?

ప్రశ్న: ఎంబీబీఎస్ మొదటి ఏడాదికి ఫిజియాలజీలో ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ (పాఠం ముందే వీడియోలో చూసి వచ్చి, క్లాసులో చర్చించే పద్ధతి) పెట్టాం. సగం మంది వీడియో చూడకుండానే వస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ట్యూటర్, శ్రీకాకుళం

జవాబు: గంట లెక్చర్ రికార్డు చేసి పంపితే ఎవరూ చూడరండీ. పది నిమిషాలు, ఒక్క అంశం, రెండు రోజుల ముందు. హాస్టల్ సిగ్నల్ సంగతి తెలిసిందేగా, డౌన్‌లోడ్ అయ్యే చిన్న ఫైలే పంపండి.

అసలు చిక్కు క్లాసులో వస్తుంది. చూడలేదు కదా అని బోర్డు మీద పాఠం మళ్లీ చెప్పారో, వచ్చేవారం చూసేవాళ్లూ మానేస్తారు. అయిదు ప్రశ్నల స్లిప్ టెస్ట్ పెట్టి నేరుగా కేసులోకి దిగండి.

కేసు మన జిల్లాదైతే మేలు. కిడ్నీ జబ్బున్న ఉద్దానం రైతు: క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) రక్తంలో 3, మూత్రంలో 60 మి.గ్రా./డె.లీ.; 24 గంటల మూత్రం 2160 మి.లీ. క్లియరెన్స్ ఎంతో, అంటే నిమిషానికి ఎంత రక్తద్రవం నుంచి క్రియాటినిన్ పూర్తిగా తొలగుతోందో (మూత్రంలో గాఢత × నిమిషానికి మూత్రం ÷ రక్తంలో గాఢత), ఆరుగురేసి కలిసి కట్టమనండి. 2160ని 1440 నిమిషాలతో భాగించడం మరిచిన గుంపుకి 43,200 వస్తుంది. వెంటనే సరిదిద్దకండి, పక్క గుంపుతో వాదించుకోనివ్వండి. నిమిషానికి 1.5 మి.లీ. మూత్రం అని పట్టుకుంటే జవాబు నిమిషానికి 30 మి.లీ. ఆపైన, కిడ్నీ ఇంత దెబ్బతిన్నా మూత్రంలో ప్రోటీన్ ఎందుకు పెద్దగా పోవడం లేదని అడగండి. గ్లోమెరులస్ (రక్తాన్ని వడకట్టే జల్లెడ) కన్నా, వడకట్టిన ద్రవం పారే నాళికల వైపు చూపు మళ్లాలి.

వారానికి ఒక్క పాఠమే ఇలా చేయండి. అనాటమీ వాళ్లూ అదే వారం వీడియోలు పంపుతుంటే మాట్లాడుకుని మార్చుకోండి.