పేదవాడికి నిజాయితీ ఉండటం వింతా అమ్మాయ్?

తెనాలి

అమ్మాయ్,

ఆశీస్సులు. నువ్వు కొరియర్లో పంపిన రాతప్రతి అందింది. కూర్చుని మొత్తం చదివాను. జడ్పీ హైస్కూల్లో రోజంతా పాఠాలు చెప్పుకుంటూ, అటెండెన్స్ యాపులూ మధ్యాహ్న భోజనం ఫొటోలూ చూసుకుంటూ, మిగిలిన కాస్త టైంలో పిల్లలకి ఇంగ్లీషు వాక్యాలు కలపడం ఎలాగో, ఒకరి మాటను ఎత్తి రాయడం ఎలాగో చెప్పే పుస్తకం రాశావంటే నాకు గర్వంగానే ఉంది. పొగడ్త అయిపోయింది. ఇక 31వ పేజీకి వద్దాం.

"రాము ఈజ్ పూర్. రాము ఈజ్ ఆనెస్ట్" అని రెండు వాక్యాలిచ్చి కలిపి రాయమన్నావు. వెనక కీ చూస్తే జవాబు ఒక్కటే: "దో రాము ఈజ్ పూర్, హి ఈజ్ ఆనెస్ట్." ఎందుకమ్మా ఆ 'అయినా' అనే అర్థమొచ్చే 'దో'? డబ్బు లేనివాడికి నిజాయితీ ఉండటం వింత అనుకుంటేనే కదా దాని అవసరం! నీ క్లాసులో సగం మంది కూలిపనులకెళ్లే ఇళ్ల నుంచి వస్తారని ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ పిల్లల చేతే, మార్కుల ఆశ చూపించి, వాళ్ల నాన్నల మీద ఈ మాట రాయిస్తున్నావు. కావాలని చేయలేదని నాకు తెలుసు. పాత గ్రామర్ పుస్తకాల్లోంచి గైడ్లలోకి, గైడ్లలోంచి క్వశ్చన్ పేపర్లలోకి ఈ రాము నడిచొస్తూనే ఉన్నాడు. నేను చదువుకున్న రోజుల్లోనూ ఉన్నాడు. అప్పుడూ వాడి దరిద్రం తీరలేదు, ఇప్పుడూ తీరలేదు.

ఆ రెండు వాక్యాలనే కీ లేకుండా బోర్డు మీద రాసి వదిలెయ్యి. 'అండ్' పెట్టినవాడు రెండు సంగతులు చెప్పి ఊరుకున్నాడు. "రాము, హూ ఈజ్ పూర్, ఈజ్ ఆనెస్ట్" అన్నవాడికి నిజాయితీ ముఖ్యం, పేదరికాన్ని రెండు కామాల మధ్య సర్దేశాడు. అదే తిప్పి "రాము, హూ ఈజ్ ఆనెస్ట్, ఈజ్ పూర్" అన్న పిల్లకి వాడి గతి చూసి బాధేసింది. ఎవడో వెనక బెంచీవాడు "రాము ఈజ్ పూర్ బికాజ్ హి ఈజ్ ఆనెస్ట్" అంటాడు. క్లాసంతా గొల్లుమంటుంది. గొల్లుమననీ. లంచం ముట్టని గుమాస్తా కథంతా ఆ 'బికాజ్'లో ఉంది, వాడు దాన్ని ఇంగ్లీషులో చెప్పగలిగాడు. నీ కీ ప్రకారం మాత్రం వాడికి సున్నా.

నా దగ్గర చదివినప్పుడు ఈ పాట నువ్వు చాలాసార్లు విన్నావు, విసుగొచ్చినా ఇంకోసారి విను. వాక్యాలు కలిపించేది అవి పొడుగవ్వాలని కాదు. ఏది ముందుంచాలి, ఏది లోపల సర్దాలి, రెండింటికీ ఏమిటి చుట్టరికం అన్నది పిల్లవాడు తేల్చుకోవాలని. రాసేవాడి అభిప్రాయం కూర్చునే చోటు ఆ అతుకే. అక్కడ వాడికి ఎంచుకునే వీల్లేకుండా చేసి, కామా ఎక్కడ పెట్టాలో మాత్రం చెబితే వాడికి వచ్చేది కామాయే.

"కీ లేకపోతే పుస్తకం ఎవరు కొంటారు మాస్టారూ" అంటావు. నాకు తెలియదా! లెక్చరర్‌గా చేరిన కొత్తలో జీతం చాలక, బెజవాడలో ఒక గైడ్ల కంపెనీకి టెన్త్ ఇంగ్లీషు గ్రామర్ రాసిచ్చేవాణ్ని. పేజీకి ఇంత అని బేరం. రాత్రిళ్లు కిరసనాయిలు దీపం కింద, కరెంటు ఉంటే బల్బు కింద. సింథసిస్, అంటే వాక్యాలు కలిపే చాప్టర్లో ప్రతి ప్రశ్నకీ రెండు మూడు జవాబులిచ్చి, ఏ జవాబు ఎప్పుడు బాగుంటుందో తెలుగులో ఒక్కో లైను రాశాను. తీరా అచ్చయ్యాక చూస్తే ప్రశ్నకి ఒక్క జవాబే మిగిలింది, తెలుగు లైన్లన్నీ ఎగిరిపోయాయి. ఎడిటరుగారిని అడిగితే, "ఇన్ని జవాబులుంటే కరెక్టేదని టీచర్లు ఉత్తరాలు రాస్తారండీ" అన్నాడు. పైగా పేజీలు తగ్గాయని నా డబ్బులు కోశాడు. ఆయన పోయాడు, ఆ బాకీ ఉండిపోయింది, గైడు మాత్రం ఏటా కొత్త అట్టతో వస్తోంది.

ఇది నా చాదస్తం మాత్రమే అనుకోకు. అమెరికాలో 1969లో జాన్ మెలన్ అనే ఆయన గ్రామర్ పాఠంతో జతచేసి వాక్యాలు కలపడం నేర్పి చూశాడు. 1973లో ఫ్రాంక్ ఓహేర్ ఆ గ్రామర్ పేర్లన్నీ తీసేసి, ఏడో తరగతి పిల్లల చేత ఉత్త కలపడమే చేయించి, వాళ్ల రాత బాగుపడిందని చూపించాడు. 2007లో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ కలిసి, 4 నుంచి 12వ తరగతి దాకా పిల్లల రాత మీద జరిగిన పరిశోధనల్ని గుదిగుచ్చి, పనికొచ్చే పద్ధతులు 11 తేల్చారు. వాక్యాలు కలిపించడం అందులో ఉంది. గ్రామర్‌ని విడిగా బోధించడం మాత్రం అందులో లేదు. నువ్వేమో మొదటి 24 పేజీలూ నౌన్ క్లాజ్, అడ్జెక్టివ్ క్లాజ్, అడ్వర్బ్ క్లాజ్ ఆఫ్ కన్సెషన్ అంటూ పేర్లతో నింపావు. అవన్నీ పుస్తకం చివరికి నెట్టు. అసలు తీసేసినా నేనేమీ అనుకోను.

అయితే ఒక తిరకాసు ఉంది. ఆ పరిశోధనల్లోని పిల్లల్లో ఎక్కువమందికి ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడే భాష. రెండు వాక్యాలు ముందుపెడితే ఏది బాగా వినిపిస్తోందో చెవితో పట్టేస్తారు. మన పిల్లలకి ఇంగ్లీషు చెవి ఎక్కణ్నించి వస్తుంది? వాళ్లకున్నది తెలుగు చెవి. దాన్ని వాడుకోవాలి. అక్కడే నీ 58వ పేజీ నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

తప్పులకు ఉదాహరణగా నీ స్టూడెంటు రాసిన వాక్యం ఇచ్చావు: "మై మదర్ గోయింగ్ ఫీల్డ్ కమింగ్ కుకింగ్ మీ గివింగ్ స్లీపింగ్." దాని కింద "నో ఫైనైట్ వెర్బ్, నో కంజంక్షన్, రాంగ్" అని రాసి వదిలేశావు. దాన్నే తెలుగులో చదువు. మా అమ్మ పొలానికెళ్లి, వచ్చి, వండి, నాకు పెట్టి, పడుకుంటుంది. ఎక్కడైనా తప్పుందా? ఐదు పనులు, ఒకటే వాక్యం, మధ్యలో ఒక్క 'మరియు' లేదు. తెలుగు వ్యాకరణంలో నువ్వు బట్టీపట్టిన క్త్వార్థకమే ఇది. 'వెళ్లి', 'వచ్చి' చేసే పనిని ఆ పిల్ల ఐఎన్‌జీ చేత చేయించబోయింది. వాక్యాలు కలపడం ఆమెకి రాదని ఎలా అంటాం? మాటలొచ్చినప్పటి నుంచీ కలుపుతూనే ఉంది.

ఇంగ్లీషు అంత పొడుగు గొలుసుని భరించదు. కాబట్టి పిల్లనే అడగాలి: ఈ ఐదింట్లో నువ్వు అసలు చెప్పాలనుకున్నది ఏదమ్మా? "అన్నం పెట్టడం" అంటే ఒక వాక్యం వస్తుంది: "వెన్ మై మదర్ కమ్స్ బ్యాక్ ఫ్రం ద ఫీల్డ్, షి కుక్స్ అండ్ ఫీడ్స్ మి బిఫోర్ షి స్లీప్స్." "అలసిపోవడం" అంటే ఇంకోటి వస్తుంది. మరి అమ్మ తిన్నదా అని కూడా అడుగు. పొలం ఉంది, వంట ఉంది, బిడ్డకి పెట్టడం ఉంది, పడక ఉంది, అమ్మ తిన్న ముక్క ఎక్కడా లేదు. ఆ పిల్ల ఆలోచించుకుని "వితౌట్ ఈటింగ్" అని చేర్చిందనుకో, ఐఎన్‌జీ కూడా సరైన చోటికి వచ్చి కూర్చుంటుంది. నీ పుస్తకంలో అన్నిటికంటే మంచి పాఠం ఇది. దాన్ని "రాంగ్" కింద పూడ్చిపెట్టావు.

ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినపడకూడదన్న ఫ్యాషన్ ఒకటి మా రోజుల్లో మొదలైంది. ఒక ట్రైనింగులో 'వస్తే', 'వచ్చినా' బోర్డు మీద రాసి 'ఇఫ్', 'ఈవెన్ ఇఫ్' చెప్పబోతే, రిసోర్స్ పర్సన్‌గారు నన్ను మధ్యలో కూర్చోబెట్టి, "మదర్ టంగ్ ఇంటర్‌ఫియరెన్స్" మీద గంటసేపు వాయించాడు. ఆయన ఇంగ్లీషులో వాయించాడు, మేం టీకి వెళ్లాక తెలుగులో తిట్టుకున్నాం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గవర్నమెంటే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు అచ్చేసి పిల్లల చేతికిస్తోంది. కాబట్టి తెలుగు పెట్టడానికి నువ్వు జంకాల్సిన పనిలేదు.

ఇక తొమ్మిదో అధ్యాయం, కొటేషన్లు. "హుర్రా! వి హావ్ వన్ ద మ్యాచ్" అన్నదాన్ని "దే ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్ దే హ్యాడ్ వన్ ద మ్యాచ్" అని మార్పించావు. గెలిచొచ్చినవాళ్ల గురించి ఇలా మాట్లాడే మనిషి లండన్లో కూడా దొరకడు. పరీక్షలో అడుగుతారు కాబట్టి ఒక పేజీలో ముగించు. నువ్వు ఆరు పేజీలు ఇచ్చావు.

ఆ ఆరు పేజీలూ దేనికి ఇవ్వాలో చెప్తాను. పిల్లలు "హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్" అని ఎందుకు రాస్తారు? తెలుగులో "తను వస్తానన్నాడు" అంటాం గనక. 'నేను' పోయి 'తను' వచ్చినా, 'వస్తాను' మాత్రం అన్నవాడి నోట్లో ఉన్నట్టే ఉండిపోతుంది. మనకది చక్కగా చెల్లుతుంది. ఇంగ్లీషులో మాట ఎవరి నోటిదో ఏదో ఒక వైపుకి తేల్చాలి. కోట్స్ పెడితే "ఐ విల్ కమ్", తీసేస్తే "హి వుడ్ కమ్". 'టోల్డ్' అంటే ఎవరికి చెప్పాడో కూడా రాయాలి. బోర్డు మధ్యలో గీతగీసి ఇటు తెలుగు, అటు ఇంగ్లీషు రాయించు. టెన్స్ మార్చే పట్టిక ఆ తర్వాత.

తర్వాత ఆ రోజు పేపర్ క్లాసుకి తీసుకెళ్లు. ఎమ్మెల్యే అన్నారు, పేర్కొన్నారు, వెల్లడించారు, ఆరోపించారు, ఒప్పుకున్నారు. వీటి కింద గీతలు గీయించు. "రోడ్డు పనుల్లో డబ్బులు తిన్నారని ఆరోపించారు" అంటే రుజువు బాధ్యత అన్నవాడి మీదే ఉంది. "తిన్నారని వెల్లడించారు" అంటే పేపరువాడు కూడా నమ్మేశాడు. ఈ తేడా తెలియని సబ్ ఎడిటర్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లకి ప్రతివాడూ 'వెల్లడి'స్తాడు. నేను విద్యార్థుల పేజీకి వారం వారం రాసిన కాలంలో నా చేత కూడా బోలెడు వెల్లడింపజేశారు. ఇంగ్లీషులో 'సెడ్', 'క్లెయిమ్డ్', 'అడ్మిటెడ్', 'రివీల్డ్', 'అలెజ్డ్' సరిగ్గా ఇదే పని చేస్తాయి. 'దో'కీ 'బికాజ్'కీ మధ్య ఉన్నంత తేడా 'సెడ్'కీ 'అడ్మిటెడ్'కీ మధ్య ఉంది. "పాసయ్యాడట" అన్నప్పుడు ఆ 'అట' ఎందుకు తగిలించాడో మీ రెండో బెంచీ పిల్లకి బాగా తెలుసు. ఇంగ్లీషులో దానికి ఏం వాడాలో చెప్పడమే నీ వంతు.

కొటేషన్ల లిస్టు చివర గాంధీగారి పేరుతో "బి ద చేంజ్" అని ఇచ్చావు. గోడల మీద కనిపించే ఆ వాక్యం ఆ రూపంలో ఆయన రచనల్లో లేదు. 1913లో 'ఇండియన్ ఒపీనియన్'లో, మనం మారగలిగితే లోకం తీరు కూడా మారుతుందని అర్థం వచ్చేలా రాశారు, అంతవరకే. ఎవరన్నారో, ఎక్కడన్నారో చూపించలేని మాట నీ పుస్తకంలో ఉండటానికి వీల్లేదు. ఆ లిస్టు మొత్తం కొట్టెయ్యి. పిల్లలు వ్యాసం మొదట్లో ఒక కొటేషన్ అతికించి, మళ్లీ దాని ఊసెత్తరు. అది పిలవని పేరంటానికొచ్చిన మనిషిలా ఒక మూల నిలబడి ఉంటుంది.

దానికి బదులు ప్రతిజ్ఞ తీసుకో. పాఠ్యపుస్తకంలోనే ఉంది, పిల్లలందరికీ కంఠతా వచ్చు. రాసింది మన నల్గొండ జిల్లా అన్నెపర్తి మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, 1962లో, తెలుగులో. దేశమంతా రోజూ చదువుతుంది, రాసినాయన పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఇంగ్లీషులో "ఆల్ ఇండియన్స్ ఆర్ మై బ్రదర్స్ అండ్ సిస్టర్స్" అని ఉంది కదా, దాన్ని పిల్లల చేత వాళ్ల సొంత వాక్యంలో ఇమిడ్పించు. "సుబ్బారావు కాల్స్ ఆల్ ఇండియన్స్ 'మై బ్రదర్స్ అండ్ సిస్టర్స్'" అని రాస్తారు. ఆ 'మై' ఎవరిది, సుబ్బారావుగారిదా, రాసే పిల్లవాడిదా? ఎవరో ఒకరు పట్టుకుంటారు. అప్పుడు 'మై'ని కోట్స్ బయటికి లాగి, "కాల్స్ ఆల్ ఇండియన్స్ హిజ్ 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్'" అని దిద్దుకుంటారు. కోట్ ఎక్కడ తెరవాలో తెలిసిందంటే సగం విద్య వచ్చినట్టే. ఆ వెంటనే, ఈ మాటతో నాకేం పని అని తన సొంత వాక్యం ఒకటి రాయాలి. అది లేని కొటేషన్‌కి మార్కు వెయ్యకు.

ఇదంతా ఎందుకంటే, నా దగ్గర చదివినవాడొకడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లి, మొదటి అసైన్‌మెంట్లోనే కాపీ కేసులో ఇరుక్కున్నాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇక్కడ ఫుల్ మార్కులు వేశాం. అక్కడ కోట్స్ లేకుండా రాస్తే దొంగతనం అన్నారు. రాత్రి ఫోన్ చేసి "మాస్టారూ, నేను దొంగనా" అన్నాడు. ఏం చెప్పను?

పబ్లిషరు గురించీ, యూట్యూబ్ వీడియోల గురించీ ఏవో అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందుమాట కూడా అప్పుడే. 31వ పేజీ, 58వ పేజీ, తొమ్మిదో అధ్యాయం తిరగరాసి పంపు. ఆ పొలం పిల్లని అడగకుండా ఆమె వాక్యం అచ్చు వెయ్యకు, అడిగితే ఏమందో నాకు రాయి. ఈసారి స్పైరల్ బైండింగ్ చేయించకు, మార్జిన్లో రాసుకుందామంటే చోటు లేక చచ్చాను.

మీ మాస్టారు